డా నాంగ్‌లో మూడు వారాలు, ఇంట్లో వంటగది ఉంది. లోకల్ మార్కెట్లో కూరగాయలు కొనుక్కోవడం మనవల్ల అవుతుందా?

పెసరట్టు_ప్రయాణం:

మార్చిలో అమ్మానాన్నల్ని తీసుకుని వియత్నాం వెళ్తున్నాను. తిరగడం తక్కువ, ఉండడం ఎక్కువ. డా నాంగ్‌లో బీచ్ దగ్గర మూడు వారాలకి ఫ్లాట్ తీసుకున్నాం. రెండు పొయ్యిలు, ఫ్రిజ్, రైస్ కుక్కర్ ఉన్నాయని ఫొటోల్లో చూశాను. అమ్మ పూర్తి శాకాహారి. నాన్న గుడ్డు తింటారు. మూడు పూటలా బయట తినడం ఇద్దరి వల్లా కాదు, మధ్యాహ్నం ఒక్క పూటైనా పప్పూ అన్నం పడాలి.

దగ్గర్లో పెద్ద మార్కెట్ ఉందట. కానీ నాకు భాష రాదు, నోట్లన్నీ లక్షల్లో ఉంటాయి, టూరిస్టు మొహం చూడగానే రేటు పెంచేస్తారేమోనని టెన్షన్. అసలు మన వంటకి పనికొచ్చేవి అక్కడ ఏం దొరుకుతాయి? ఇక్కణ్నుంచి ఏం మోసుకెళ్లాలి? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.

బ్యాగు_సర్దేశా:

సింపుల్‌గా చెప్తాను. సూపర్‌మార్కెట్‌కి వెళ్లండి. డా నాంగ్‌లో విన్‌మార్ట్‌లు ఉన్నాయి, పెద్ద లొట్టే మార్ట్ కూడా ఉంది. అన్నిటి మీదా రేటు రాసుంటుంది, కార్డు తీసుకుంటారు, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. నేను వారం రోజులున్నాను, సంత మొహం చూడలేదు. పొడులు, పచ్చళ్లు తీసుకెళ్తే చాలు.

రెండో_కాఫీ:

పై వారి సలహా తప్పని అనను. వారం రోజులకి అది చాలు. మూడు వారాలు, అందులోనూ ఇంట్లో వండే అమ్మ ఉంటే మాత్రం సంతకి వెళ్లాల్సిందే. మా ఆయన పని మీద కిందటేడు నలభై రోజులు డా నాంగ్‌లో ఉన్నాం. మా అత్తయ్య కూడా వచ్చింది. ఇల్లు బాక్ మీ ఆన్ మార్కెట్‌కి నడిచే దూరం. మీరు బీచ్ దగ్గరంటున్నారు కాబట్టి మీకూ అదే దగ్గరవ్వచ్చు. నదికి అవతల హాన్ మార్కెట్ ఒకటుంది, అక్కడ బట్టలూ ఎండు సరుకులూ కొనే టూరిస్టులే ఎక్కువ. కోన్ మార్కెట్‌కి ఊళ్లోవాళ్లు వెళ్తారు, పెద్దది, ఒకసారి చూడండి. రోజువారీ కూరగాయలకి మాత్రం ఇంటి పక్కదే మేలు.

ముందు నేను చేసిన వెధవ పని చెప్తాను. మొదటి రోజు ఉత్సాహంగా ఆరింటికల్లా వెళ్లాను. బేరం ఆడకపోతే మోసపోతామని ఎక్కడో చదివి ఉన్నాను కదా, మొదటి కొట్లోనే ఉల్లిపాయలకి సగం రేటు అడిగాను. ఆవిడ తలూపింది, నేను మళ్లీ తగ్గించమన్నాను, చివరికి కొనకుండా వచ్చేశాను. నాలుగడుగులు వేసి వెనక్కి చూస్తే ఆవిడ చిన్న కాగితం ముక్క వెలిగించి కొట్టు చుట్టూ తిప్పుతోంది. దోమలకేమో అనుకున్నాను! సాయంత్రం మా ఇంటి ఓనరమ్మకి చెబితే పడీ పడీ నవ్వి, తర్వాత సీరియస్‌గా చెప్పింది. దాన్ని 'మో హాంగ్' అంటారట. పొద్దున్నే కొట్టు తెరవగానే వచ్చే మొదటి బేరం. అది కుదరకపోతే రోజంతా కలిసిరాదని నమ్మకం. ఆ కాగితం మంట నా పాదం మహిమ పోగొట్టడానికి.

అంటే ఏంటండీ? బోణీ! అచ్చంగా మన బోణీయే. ఈ ఒక్క మాట తెలిసుంటే నాకు ఆ మార్కెట్ మొదటి రోజే అర్థమయ్యేది. కాబట్టి తెల్లారగట్ల వెళ్తే కొనేటట్టయితేనే రేటు అడగండి. బేరం ఆడాలనిపిస్తే ఎనిమిది దాటాక వెళ్లండి. అసలు ఆకుకూర కట్ట దగ్గర బేరమే వద్దు. ఎంత తగ్గించినా మన లెక్కలో పది రూపాయలు. లెక్క కూడా తేలికే, ముప్పై వేల డాంగ్ అంటే దాదాపు వంద రూపాయలు. తోటకూర, తూటికూర కట్ట పది వేలు ఇచ్చేదాన్ని, అంటే ముప్పై మూడు రూపాయలు. మర్నాడు ఆ ఉల్లిపాయలావిడ దగ్గరికే వెళ్లి అడిగినంతా ఇచ్చాను. గుర్తుపట్టిందో లేదో మొహం చూస్తే తెలియలేదు. వారం పోయాక మాత్రం సంచిలో నాలుగు ఉల్లికాడలు, రెండు పచ్చిమిరపకాయలు ఊరికే పడేయడం మొదలుపెట్టింది. కొసరు కూడా ఉందన్నమాట. అత్తయ్య ఆ రోజు నుంచి వేరే కొట్టుకి వెళ్లనివ్వలేదు.

ఇక ఏం దొరుకుతాయంటారా? మీ అమ్మగారు కూరగాయల వరుసలోకి వెళ్తే ఇల్లు చేరినట్టే అనుకుంటారు. బెండకాయ (డౌ బాప్), కాకరకాయ (ఖో క్వా), వంకాయ, సొరకాయ, నేతిబీర, పొట్లకాయ కాదుగానీ దాని చుట్టంలాంటివి రెండు. ఆకుల్లో తోటకూర, బచ్చలి, తూటికూర రోజూ ఉంటాయి. మన ఊళ్లో తూటికూర చెరువుల్లో మొలుస్తుంది, దాన్ని కొనుక్కునేవాళ్లని నేను చూడలేదు. అక్కడ 'రావ్ ముఓంగ్' అంటే రాజభోగం, వెల్లుల్లి వేసి వేయిస్తారు. కాకరకాయ మనదానికంటే లావు, ముళ్లు మెత్తన, చేదు తక్కువ. వేపుడు చేస్తే అత్తయ్యకి నచ్చలేదు, "చేదు లేని కాకరకాయ ఎందుకే" అంది.

అన్నిటికంటే నన్ను పడేసింది అరటిపువ్వు. ఇక్కడ దాన్ని ఒలిచి, ఒక్కో పువ్వులోంచి కాడ తీసి, చేతులు నల్లబడి, గంట పడుతుంది కదా. అక్కడ సన్నగా తరిగేసి నీళ్ల తొట్టిలో తెల్లగా తేలుతూ అమ్ముతారు. తీసి, పిండి, కవర్లో వేసి ఇస్తారు. నలభై రోజుల్లో ఎన్నిసార్లు అరటిపువ్వు కూర వండానో లెక్కలేదు. పచ్చికొబ్బరి కూడా అంతే, కాయ చూపిస్తే మిషన్లో కోరి ఇచ్చేస్తారు.

పప్పు విషయం. కందిపప్పు మార్కెట్లో నాకు ఎక్కడా కనపడలేదు, మోసుకెళ్లండి. కానీ పెసరపప్పు బస్తాల్లో ఉంటుంది! పొట్టు తీసింది కావాలి, 'డౌ సాన్ కా వో' అని ఫోన్లో రాసి చూపించండి. వాళ్లు దాంతో తీపి పాయసాలూ, బంక బియ్యం పిండివంటలూ చేస్తారు. పొట్టుతో ఉన్న పెసలూ దొరుకుతాయి, మీ పేరుకి తగ్గట్టు పెసరట్టు వేసుకోవచ్చు. అట్టుకి నూనె కూడా అక్కడిదే కొనండి. ఆ ప్రాంతంలో వేరుశెనగ నూనె వాడకం ఎక్కువ, సీసా మూత తీస్తే పాతకాలం గానుగ నూనె వాసన.

చింతపండు గింజలతో ముద్దలుగా ఉంటుంది, పేరు 'మె'. పసుపు కొమ్ములు పచ్చివే, పేరు 'ఙే'. చిన్నప్పుడు వర్ణమాలలో ఙ, ఞ ఎందుకు నేర్పారో నాకు నలభై ఏళ్ల తర్వాత డా నాంగ్‌లో తెలిసింది. ఎంత అని అడగడానికి 'బావ్ ఞియూ', పసుపుకి 'ఙే', కొత్తిమీరకి 'ఙో'. ఇంగ్లీషువాళ్లు ఈ శబ్దాల దగ్గరే పడిపోతారు, మనం సులువుగా దాటేస్తాం. తర్వాత వచ్చే స్వరం తేడాల్లో మనమూ పడిపోతాం, అది వేరే సంగతి.

కొత్తిమీర అంటే గుర్తొచ్చింది, ఆకుల దగ్గర జాగ్రత్త. పళ్లేనికి పక్కన పచ్చివే తినే ఆకులు పది రకాలు కుప్పలుగా పోసి ఉంటాయి. మూడో రోజు అత్తయ్య ఒక కుప్ప దగ్గర ఆగిపోయింది. బుజ్జి తమలపాకుల్లా గుండె ఆకారం, అడుగున లేత ఊదారంగు. పప్పులో బావుంటుందని ఐదు వేలకి ఒక కవరు తీసుకుంది. ఇంటికొచ్చి తుంచబోయి ముక్కు మూసుకుంది. "వీళ్లెవరో చేపలు కడిగిన నీళ్లు చల్లారే దీని మీద!" ఒకసారి కడిగింది, రెండోసారి ఉప్పునీళ్లలో కడిగింది, మూడోసారి పసుపు కూడా వేసింది. కడిగినకొద్దీ వాసన పెరుగుతోంది. అప్పుడు నేనో ఆకు నలిపి చూస్తే, వాసన ఆకుదే! పేరు 'జియెప్ కా' అట, 'కా' అంటే చేప. ముందే చెప్పారు పాపం, మనకే తెలీలేదు. అత్తయ్య ఆ కత్తిపీట, గిన్నె, చివరికి సింకు కూడా తోమింది. అప్పట్నుంచి ఏ ఆకైనా ఒకటి తుంచి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూశాకే సంచిలోకి. కొట్టువాళ్లు ఏమీ అనుకోరు, వాళ్లూ అలాగే చూస్తారు.

బియ్యం: తెరిచిన డబ్బాల్లో, ఒక్కోదాని మీద పేరూ కిలో ధరా రాసిన అట్టముక్క గుచ్చి ఉంటాయి. అందరూ మీకు ఎస్‌టీ25 కొనమని చెప్తారు, 2019లో ప్రపంచంలోకెల్లా మంచి బియ్యంగా బహుమతి వచ్చింది దానికి. నిజంగానే కమ్మగా ఉంటుంది. కానీ మెత్తన. నేను దాంతో పులిహోర కలిపితే లడ్డూలు చుట్టుకోవచ్చు అన్నట్టయింది. పొడిగా, మెతుకు విడివిడిగా కావాలంటే అట్టముక్క మీద 'నో' (nở కి దగ్గరగా పలికేది, అంటే విచ్చుకునేది) అని ఉన్న రకం అడగండి. అది చవక కూడా. 'నెప్' అని ఉంటే అది బంక బియ్యం, దాని జోలికి పోకండి.

పెరుగు, పాలు మాత్రం సూపర్‌మార్కెట్లోనే. కప్పుల్లో వచ్చే పెరుగు మామూలుగా తియ్యగా ఉంటుంది. 'ఖోంగ్ డుఓంగ్', అంటే చక్కెర లేనిది, అది చూసుకుని ఒక కప్పు కొనండి. చక్కెర లేని పాల డబ్బా తెచ్చి, గోరువెచ్చ చేసి, ఆ కప్పులోంచి ఒక చెంచా తోడు వేస్తే తెల్లారేసరికి గడ్డ పెరుగు. తర్వాత రోజూ తోడుకి తోడు.

మోసుకెళ్లాల్సినవి: కందిపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఇంగువ, సాంబారు పొడి, మీ కారం. ఎండుమిర్చి అక్కడ దొరుకుతుంది గానీ ఆ రుచి వేరు. ఎండబెట్టిన కరివేపాకు ఒక డబ్బా. పచ్చిది నలభై రోజులు వెతికి వదిలేశాను.

పెసరట్టు_ప్రయాణం:

అబ్బా, ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, చాలా థాంక్సండీ. అమ్మకి చదివి వినిపించాను, చేప ఆకు దగ్గర నవ్వి నవ్వి దగ్గు వచ్చింది. ఇంకో రెండు సందేహాలు. మాంసం, చేపలు పక్కపక్కనే ఉంటాయా? అమ్మ తట్టుకోగలదా? డబ్బులు ఫోన్లో కట్టొచ్చా, లేక నోట్లేనా?

హనోయ్_చలి:

నేను హనోయ్‌లో నాలుగేళ్లుగా ఉంటున్నాను. పై వారు చెప్పినవన్నీ కరెక్టే, ఒక్కటి కలుపుతాను. మీరు ఉత్తరానికి కూడా వస్తే ఈ మాటలు సగం మారిపోతాయి. కాకరకాయని ఇక్కడ 'మూప్ డాంగ్' అంటారు, కొత్తిమీరని 'మూయ్', వేరుశెనగని 'లాక్'. కిలోకి అక్కడ 'కీ', ఇక్కడ 'కన్'. వంద గ్రాములు కావాలంటే 'ఒక లాంగ్' అంటాం. డా నాంగ్ మాటలు వాడినా అర్థమవుతుంది, నవ్వుతారంతే. మనకి కోస్తా యాస, తెలంగాణ యాస లాంటిదే.

ధర చెప్పేటప్పుడు వెయ్యి అనే మాట మింగేస్తారు. 'బా చుక్' అంటే మూడు పదులు, అంటే ముప్పై వేలు. వేళ్లు చూపిస్తారు, లేదా తమ డబ్బుల కట్టలోంచి అంత విలువ నోటు తీసి చూపిస్తారు. రెండోది హాయి.

శాకాహారం సంగతి: 'చాయ్' (chay) అనే మాట నేర్చుకోండి. మన చాయ్ కాదు, మాంసం లేనిది అని. మార్కెట్లో వేడివేడి టోఫు పొద్దున్నే వస్తుంది, అది ధైర్యంగా కొనండి. కానీ రుచి కోసం వేసే గుళికల పొట్లాలు చాలావాటిలో పంది ఎముకల రసం ఉంటుంది. బొమ్మ మీద పుట్టగొడుగులు ఉండి 'చాయ్' అని రాసి ఉంటేనే తీసుకోండి. విడిగా అమ్మే తెల్లటి పలుకులు ఉప్పూ కాదు, చక్కెరా కాదు, అజినోమోటో. సన్నగా సూదుల్లా ఉంటే అదే. మా రూమ్మేట్ దాంతో టీ పెట్టాడు.

ఇంకొకటి, చాంద్రమానం ప్రకారం నెలలో ఒకటో రోజు, పదిహేనో రోజు పూలూ పళ్లూ రేటు ఎక్కువ. ఇళ్లల్లో పూజ కదా. ఆ రోజుల్లో చాయ్ వంటలు కూడా ఎక్కువ దొరుకుతాయి, మీ అమ్మగారిని బయటికి తీసుకెళ్లడానికి అవి మంచి రోజులు.

రెండో_కాఫీ:

హనోయ్ వారూ, ఆ టీ సంగతి మా ఇంట్లో కూడా జరిగేదే, అత్తయ్య నాలిక మీద వేసుకుని చూసింది కాబట్టి బతికిపోయాం.

మాంసం గురించి. ఉంటుందండీ, దాచడానికేమీ లేదు. కప్పు కింద ఉన్న లోపలి భాగంలో మాంసం, చేపలు ఒక పక్క, నేల తడి, చేపలు తొట్టెల్లో ఎగురుతూ నీళ్లు చిమ్ముతుంటాయి. చెప్పులు పాతవి వేసుకెళ్లండి. కానీ కూరగాయలవాళ్లు చాలామంది బయట రోడ్డు వారగానే కూర్చుంటారు, లోపలికి వెళ్లకుండానే బుట్ట నిండుతుంది. మా అత్తయ్య రెండుసార్లే లోపలికి వచ్చింది. ఇంకా చిన్నవి, సందుల్లో పొద్దున్నే నాలుగు బుట్టలతో వెలిసే సంతలూ ఉన్నాయి. వాటిని 'కప్పల సంత' అన్నట్టుగా పిలుస్తారు. పోలీసులొస్తే బుట్టలెత్తుకుని గెంతేస్తారని ఆ పేరట. అక్కడ పెరటి కూరలు తెచ్చే ముసలమ్మల దగ్గర ఆకు తాజాగా ఉంటుంది. అన్నట్టు స్కూటర్లు కూరగాయల మధ్యలోంచే వస్తాయి, దిగకుండానే బేరమాడి, హ్యాండిల్‌కి కవరు తగిలించుకుని పోతారు. నాన్నగారి చెయ్యి పట్టుకోండి. పన్నెండు దాటితే సగం కొట్లలో ఉయ్యాల మంచాలు కట్టుకుని నిద్రపోతారు, లేపి అడగడం మర్యాద కాదు.

డబ్బు నోట్లే. ప్రతి కొట్టు ముందూ క్యూఆర్ కోడ్ వేలాడుతుంది గానీ మేమున్నప్పుడు దానికి అక్కడి బ్యాంకు ఖాతా ఉండాలన్నారు, నా ఫోన్లో ఏ యాప్‌తోనూ కుదరలేదు. ఇప్పుడు అసలు విషయం, కాస్త నిదానంగా చదవండి. ఇరవై వేల నోటు నీలం. ఐదు లక్షల నోటు కూడా నీలానికి దగ్గరే. రెండిటి మీదా హో చి మిన్ బొమ్మే, రెండూ జారిపోయే ప్లాస్టిక్. రెండోవారంలో ఒకరోజు సీతాఫలాలు కొని, పర్సులోంచి ఇరవై వేలు తీసి ఇచ్చాననుకుని నడిచొచ్చేశాను. రాత్రి లెక్క చూస్తే ఐదు లక్షల నోటు ఒకటి తక్కువ, ఇరవై వేలది అలాగే ఉంది. నాలుగు లక్షల ఎనభై వేలు, పదహారు వందల రూపాయలు పోయాయి. ఎక్కడ ఇచ్చానో కూడా కచ్చితంగా తెలియదు, కాబట్టి ఎవర్నీ ఏమీ అనలేను. మా ఆయన మాత్రం ఆ సీతాఫలాల్ని ఒక్కోటీ చేతిలో పెట్టి ఇస్తూ "నాలుగు వందలు, నాలుగు వందలు" అని లెక్కపెట్టాడు.

గుర్తు ఏంటంటే, నోటు తిప్పి చూడండి. వెనక పైకప్పున్న పాత వంతెన ఉంటే ఇరవై వేలు, అది డా నాంగ్ పక్కనున్న పాత ఊరు హోయ్ ఆన్‌లోదే, మీరు ఎలాగూ చూస్తారు. వెనక చెట్ల మధ్య ఇల్లు ఉంటే ఐదు లక్షలు, అది హో చి మిన్ పుట్టిన ఊరి ఇల్లు. వెడల్పు ఒకటే గానీ ఐదు లక్షలది కాస్త పొడుగు. తర్వాత నేను సంతకి వెళ్లేటప్పుడు ఐదు లక్షల నోట్లు ఇంట్లోనే వదిలేసేదాన్ని. ముందు రోజే ఏ సూపర్‌మార్కెట్లోనో పాల డబ్బా కొని మార్చేసుకోండి. ఆకుకూర కట్టకి ఐదు లక్షలు తీస్తే చిల్లర కోసం ఆ పక్క కొట్లన్నీ తిరగాలి పాపం ఆవిడ.

పిలవడానికి 'చీ ఓయ్' అనండి, 'అక్కా' అన్నట్టు. మీ అమ్మ వయసువాళ్లయితే 'కో ఓయ్', అత్తా అని. 'ఓయ్' అంటే అక్కడ గౌరవమే, అలవాటు పడేదాకా నాకూ నోరు రాలేదు.

అయ్యో, ఒకటి మర్చిపోయాను. బాక్ మీ ఆన్ మార్కెట్లోనే వెన్నపండు ఐస్‌క్రీం అమ్ముతారు, అవకాడో గుజ్జు మీద ఐస్‌క్రీం, కొబ్బరి తురుము. బుట్ట నిండాక అది తినకుండా ఇంటికి రాకండి.

పెసరట్టు_ప్రయాణం:

లిస్టులో ఇంగువ ఒక డబ్బా అని రాశాను, అమ్మ కొట్టేసి రెండు అని రాసింది. నాన్న ఫోన్లో రెండు నోట్ల ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని జూమ్ చేసి చూస్తున్నారు. "ఇల్లు ఉంటే ఇంట్లో పెట్టు, వంతెన ఉంటే దాటించెయ్" అని ఇప్పుడే కనిపెట్టారు.